లైట్లన్నీ వెలిగించి మనిషిని తోడేలు చేశారు, ఎలా? (యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్, 1981)

#1 పున్నమిచంద్ర

ఈ సినిమాలో మనిషి తోడేలయ్యే సీను గురించి ఎక్కడ చదివినా "అప్పట్లో గ్రాఫిక్స్ లేవు, అంతా మేకప్" అని ఒక్క ముక్కతో తేల్చేస్తారు. మేకప్పే, సరే. ఎలా? నాకు కావాల్సింది పని వివరం. మూడు చోట్ల బుర్ర ఆగిపోతోంది.

అరచెయ్యి మన కళ్ల ముందే సాగుతుంది, కట్ లేదు. చర్మంలోంచి వెంట్రుకలు మొలుచుకొస్తాయి. మూతి ముందుకు పొడుచుకొస్తుంది, తోలు చిరగదు.

పైగా గదిలో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. చీకటి, పొగ, మెరుపులు ఏమీ లేవు. తప్పు జరిగితే దాచుకోడానికి చోటే లేదు. తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి. "యూట్యూబ్‌లో ఉంది చూసుకో" అనేవాళ్లు దయచేసి పక్కకి.

#2 రీలుపెట్టె

యూట్యూబ్‌లో ఉంది చూసుకో.

#3 లాటెక్స్_లింగం

ముందు వెంట్రుకలు, అదే తేలిక గనక. నకిలీ తోలు ముక్క చేసి, దాంట్లో వెంట్రుకలు గుచ్చి బయటికి పొడుగ్గా వదిలారు. కెమెరా తిరుగుతుండగా వాటిని వెనక నుంచి లోపలికి లాగేశారు. ఆ షాటు వెనక్కి నడిపితే లోపలికి పోయినవి బయటికి మొలుస్తాయి. అంతే. సీను మొత్తానికి చవకైన మోసం ఇదే, జనం నోరెళ్లబెట్టేదీ దీనికే.

చెయ్యి. కట్ లేదన్నారు, ఉంది. అతను తన చెయ్యి చూసుకుంటాడు, అది నటుడి చెయ్యే. దగ్గరగా చూపించేది రబ్బరుది. లోపల విడివిడి ముక్కలు, వాటిని బయటి నుంచి తోస్తే అరచెయ్యి పొడుగవుతుంది. అప్పటికే మన మనసంతా అతని కేకల మీద ఉంటుంది, అతుకు మీద ఉండదు.

మొహం. దీనికి మేకప్ చేసిన రిక్ బేకర్ పెట్టుకున్న పేరు చేంజ్-ఓ-హెడ్. హీరో డేవిడ్ నాటన్ తల అచ్చు తీసి దాని మీద బొమ్మ తలలు చేశారు. కింద గట్టి పుర్రె, అందులో మూతి, దవడ, నుదురు కదిలే ముక్కలు. పైన సాగే యూరిథేన్ రబ్బరు తోలు. ముక్కల్ని తోసేది గొట్టాలకు తగిలించిన సిరంజిలు. ఫ్రేము బయట మనుషులు కూర్చుని చేత్తో నొక్కుతుంటారు. ఇక్కడ అసలు కిటుకు ఏంటంటే ఒకే తల మనిషి నుంచి తోడేలు దాకా పోదు. ఒక్కో తల కొంత మేరే సాగుతుంది. అది ఆగిపోయేలోపు కట్, తర్వాతి దశ తల. వీపుకీ ఇదే పద్ధతి.

#4 ఎడిట్‌బల్ల

#3 లో వెంట్రుకల సంగతి కరెక్టే. కానీ "అంతే" అనేంత తేలిక కాదు గురూ. రివర్స్ షాటు ఎక్కడ దొరికిపోతుందో చెప్తా.

ఊపిరి. నకిలీ తోలుని కదిలిస్తే ఆ కదలిక కూడా వెనక్కి నడుస్తుంది, చూసేవాడికి ఏదో తేడా కొడుతుంది. చెమట చుక్క జారిందంటే పైకెక్కుతుంది. దుమ్ము రాలినా అంతే. అందుకే ఇలాంటి షాట్లలో తోలు తప్ప ఏమీ ఉండదు, ఫ్రేము బాగా బిగించి పెడతారు.

రెండోది వేగం. వెంట్రుకలన్నీ ఒకే పలకకి కట్టి లాగితే వరి నారు ఒకేసారి లేచినట్టుంటుంది. నాలుగైదు గుత్తులుగా కట్టి వేర్వేరు చేతులతో లాగాలి, ఒకటి ముందు, ఒకటి అర సెకను వెనక. లాగడం ఆపేశాక కూడా రెండు మూడు సెకన్లు కెమెరా తిరగనివ్వాలి. ఎందుకంటే తెర మీద అదే మొదలు. నున్నటి చర్మం కాసేపు కనపడితేగాని మొలవడం తెలీదు.

ఇప్పుడంటే ఒక బటన్. ఫిల్ము రోజుల్లో కెమెరాని తలకిందులుగా బిగించి తీసి, ఆ ముక్కని తిప్పి చివర నుంచి అతికించేవాళ్లు. బొమ్మ నిటారుగా, చలనం వెనక్కి వచ్చేది.

#5 బెజవాడ_బాబ్జీ

ఇంత చర్చలో బెలూన్ల పిల్లాణ్ని ఎవరూ తలచుకోలేదు. లండన్ జూలో తెల్లారి బట్టల్లేకుండా లేచిన హీరో ఆ పిల్లాడి బెలూన్లు లాక్కుని అడ్డం పెట్టుకుని పారిపోతాడు. వాడెళ్లి తల్లితో "బట్టల్లేని అమెరికావాడు నా బెలూన్లు ఎత్తుకుపోయాడు" అంటాడు. రాత్రి ఆరుగుర్ని చంపిన మృగం ఇదే అని గుర్తు పెట్టుకుని ఆ సీను చూడండి.

#6 సందేహాలరావు

ఆ ఏడాదే ‘ది హౌలింగ్’ ముందు వచ్చింది కదా? అందులోనూ మొహం ఉబ్బి తోడేలవుతుంది. మరి దీన్నే ఎందుకు ఆకాశానికెత్తుతారు?

#7 లాటెక్స్_లింగం

@సందేహాలరావు రెండూ ఒక గూటి పక్షులే. ‘హౌలింగ్’ పని మొదట ఒప్పుకుంది బేకరే. ఈలోపు ఈ సినిమా దర్శకుడు జాన్ ల్యాండిస్‌కి డబ్బు దొరికింది, "నాకిచ్చిన మాటేంటి" అన్నాడు. ఇద్దరూ కలిసి ‘ష్లాక్’ సినిమా చేసిన రోజుల నుంచి బేకర్‌కి ఈ కథ తెలుసు. దాంతో హౌలింగ్‌ని శిష్యుడు రాబ్ బొటీన్‌కి అప్పజెప్పి ఇటు వచ్చేశాడు. బొటీన్ ఎక్కువగా నమ్ముకున్నది గాలి సంచుల్ని. తోలు కింద పలచటి సంచి, దానికి గొట్టం, ఊదితే చర్మం కింద ఏదో పాకుతున్నట్టు ఉబ్బుతుంది.

తేడా వెలుతురులో ఉంది. హౌలింగ్‌లో నీడ ఎక్కువ. ఇక్కడ ల్యాండిస్ పట్టుబట్టి లైట్లు వేయించాడు. వెలుతురులో గాలి సంచి బుడగలాగే కనపడుతుంది. ఉబ్బుతుంది తప్ప ఎముక సాగినట్టు ఉండదు. అందుకే లోపల గట్టి ముక్కలు తోయాల్సొచ్చింది.

#8 రీలుపెట్టె

హౌలింగ్‌లో ఆ అమ్మాయి పారిపోకుండా మొత్తం మార్పు అయ్యేదాకా నిలబడి చూస్తుంది. టికెట్ కొనుక్కున్నది మనమా, ఆవిడా?

#9 చీకటి_సరదా

ఇంకో మాట. ఆస్కార్‌లో మేకప్‌కి పోటీ విభాగం పెట్టాక మొదటి బహుమతి ఈ సినిమాకే, 1982 మార్చి వేడుకలో. అంతకుముందు ఏడాది ‘ది ఎలిఫెంట్ మ్యాన్’ మేకప్‌కి ఏమీ ఇవ్వలేదని గోల చేస్తే ఆ విభాగం పుట్టింది. బరిలో ఉన్నవి రెండే, రెండోది ‘హార్ట్‌బీప్స్’.

నా గొడవ వేరే. దీన్ని హారర్ కామెడీ అని పిలవడం తప్పు. ల్యాండిస్ కూడా కామెడీ అంటే ఒప్పుకోడు. ఇది హారర్. అందులో మనుషులు నవ్వు పుట్టించేలా మాట్లాడతారు, అంతవరకే.

#10 బెజవాడ_బాబ్జీ

@చీకటి_సరదా హారర్‌లో చచ్చిన ఫ్రెండు జాక్ ఆసుపత్రికి వచ్చి, మెడ దగ్గర చీలిన కండ ముక్క వేలాడుతుండగా "ఆ టోస్టు ముక్క తినొచ్చా" అని అడుగుతాడా? కామెడీ కాకపోతే ఏంటది?

#11 చీకటి_సరదా

అడుగుతాడు. కానీ ఆ తర్వాత చెప్పేదేంటి? "నువ్వు చచ్చేదాకా నాకు ముక్తి లేదు, పున్నమి రాకముందే ప్రాణం తీసుకో." జోకుతో తలుపు తీయించి లోపలికి పిడుగు తెచ్చాడు. మృగం మీద ఒక్క జోకు కూడా లేదు, చూడండి. మార్పు సీనులో డేవిడ్ "జాక్, నిన్ను మాంసం ముద్ద అన్నందుకు క్షమించు" అని ఏడుస్తాడు. మాట నవ్వు తెప్పించేదే, గొంతు కాదు. నటుడు నవ్వించాలని ప్రయత్నించి ఉంటే సీను అక్కడే చచ్చిపోయేది.

#12 ఎడిట్‌బల్ల

ఇద్దరూ అరగంట నుంచి ఒకే మాట అంటున్నారు. 1969లో యుగోస్లావియాలో ‘కెలీస్ హీరోస్’ షూటింగులో చిన్నాచితకా పనులు చేస్తూ ల్యాండిస్ రాసుకున్న కథ ఇది. అక్కడ ఒక శవాన్ని కూడలిలో నిలువునా, కాళ్లు కిందికి పెట్టి, వెల్లుల్లితో కలిపి పాతిపెట్టడం చూశాడట, మళ్లీ లేచి రాకుండా. పదేళ్ల పైన ఎవరూ డబ్బు పెట్టలేదు. కామెడీగా తీద్దామంటే భయం ఎక్కువ, హారర్‌గా తీద్దామంటే నవ్వు ఎక్కువ అన్నారు. ‘యానిమల్ హౌస్’, ‘బ్లూస్ బ్రదర్స్’ ఆడాక 58 లక్షల డాలర్లు చేతికొచ్చాయి. నిర్మాతల గొడవనే మీరిద్దరూ మళ్లీ మొదలెట్టారు.

#13 పున్నమిచంద్ర

చర్చ బాగుంది గానీ నా ప్రశ్నకి రండి. తోలు ఎందుకు చిరగలేదు? ఇప్పుడు అదే చెయ్యాలంటే ఏం వాడాలి?

#14 లాటెక్స్_లింగం

చిరగకపోవడానికి మొదటి కారణం, తోలుని ఎక్కడ అంటించారన్నది. కదిలే ముక్క మీద అంటిస్తే చిరుగుతుంది. చెవుల వెనక, మెడ కింద మాత్రమే పట్టు ఇచ్చి మధ్యంతా వదిలెయ్యాలి. అప్పుడు సాగుడు ఒక్క చోట పడదు, మొహమంతా పంచుకుంటుంది. తోలుకీ పుర్రెకీ మధ్య జారుడు కూడా ఉండాలి. ఇప్పుడు సిలికాన్ వాడేవాళ్లు చేసే తప్పు ఇక్కడే. జారుతుందని సిలికాన్ నూనె పూస్తారు. సిలికాన్ తోలు ఆ నూనె పీల్చి ఉబ్బుతుంది, అంచులు ముడుచుకుంటాయి. టాల్కం పౌడర్ చాలు, లేదా నీళ్లలో కలిసే జెల్.

సాగే తోలుకి ప్లాటినం సిలికాన్ మంచిది. ఎ, బి అనే రెండు భాగాలు సమానంగా, తూకం వేసి. మెత్తదనానికి డెడెనర్ కలుపుతారు. కదలని బుగ్గ ముక్కకైతే ఎ 100, బి 100 గ్రాములకు డెడెనర్ 200 దాకా పోయొచ్చు. సాగాల్సిన తోలుకి అంత పోశారో, నిజం చర్మంలా ఊగుతుంది గానీ లాగగానే చిరిగిపోతుంది, పైన నూనె జిడ్డు తేలుతుంది. దానికి 50 దాటకండి. లోపల పలచటి నైలాన్ మేజోడు గుడ్డ ఒక పొర వేస్తే ఇంకా భద్రం. ఆ గుడ్డ సాగే వైపు మూతి సాగే వైపుకి ఉండాలి. అడ్డంగా పెడితే మూతి ముందుకి రాదు, బుగ్గలు లోపలికి పోతాయి.

#15 గుంటూరుఘాటు

ప్లాటినం సిలికాన్ గట్టిపడక జిగురుగా ఉండిపోవడానికి నూటికి తొంభైసార్లు గంధకం కారణం. మామూలు మోడలింగ్ క్లేలో గంధకం ఉంటుంది. లాటెక్స్ గ్లవ్స్‌తో ముట్టుకున్నా అదే గతి. గంధకం లేని క్లే, నైట్రైల్ గ్లవ్స్. అంతకుముందు లాటెక్స్ పోసిన మోల్డులో సిలికాన్ పొయ్యకండి, కడిగినా సరే. అనుమానముంటే చెంచాడు కలిపి మోల్డు మూల మీద వేసి చూడండి, పావు కేజీ పాడయ్యే బదులు.

#16 సందేహాలరావు

సినిమాలో నాటన్ మొహానికి అంటించినవి కూడా యూరిథేనేనా?

#17 లాటెక్స్_లింగం

కాదు, మనిషికి అంటించేవి ఫోమ్ లాటెక్స్. తేలిగ్గా ఉంటాయి, స్పాంజిలా. నటుడు గంటల కొద్దీ కుర్చీలో కూర్చోవాలి, తర్వాత నటించాలి. బొమ్మ తలకి బరువైనా ఫర్వాలేదు, మనిషికి కుదరదు.

ఫోమ్ చేసే పద్ధతి: లాటెక్స్ బేస్ 150 గ్రాములు, ఫోమింగ్ ఏజెంట్ 30, క్యూరింగ్ ఏజెంట్ 15. కేకు గిలక్కొట్టే మిక్సర్‌లో ముందు నెమ్మదిగా, తర్వాత వేగంగా, నాలుగైదు రెట్లు పొంగేదాకా. మళ్లీ వేగం తగ్గించి పెద్ద బుడగలు పోగొట్టాలి. ఆఖర్న జెల్లింగ్ ఏజెంట్ సుమారు 14 గ్రాములు, గిన్నె అడుగు కూడా కలిసేట్టు. వెంటనే మోల్డులోకి. గడ్డకట్టాక ఓవెన్‌లో 85 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు. మోల్డు మందంగా ఉంటే ఇంకా. ఆ ఓవెన్ మళ్లీ వంటకి పనికిరాదు. ఇది ఒట్టుపెట్టి చెప్తున్నా.

#18 గుంటూరుఘాటు

ఆ లెక్కలన్నీ 21 డిగ్రీల గదికి. మే నెలలో మన ఊళ్లలో గిన్నెలోనే గడ్డకడుతుంది. ఏసీ గది కావాలి, మోల్డుల్ని కూడా ముందు రాత్రే ఆ గదిలో పెట్టాలి. ఎండకి వేడెక్కిన మోల్డులో పోస్తే తగిలిన చోట ముందే గడ్డకట్టి ముక్కు కొనకి ఫోమ్ చేరదు, అక్కడ బొక్క పడుతుంది. జెల్లింగ్ ఏజెంట్ రెండు మూడు గ్రాములు తగ్గించొచ్చు. మరీ తగ్గిస్తే అసలు గడ్డకట్టదు, ఓవెన్లో కూలిపోతుంది.

చవకని జెలటిన్ జోలికి మాత్రం పోకండి. చలి దేశంలో చెల్లుతుంది. ఇక్కడ లైట్ల కింద చెమటకి గడ్డం మీదికి కారిపోతుంది.

#19 బెజవాడ_బాబ్జీ

అది కూడా మార్పు సీనే కదా, మైనం మనిషి అని పెట్టుకోండి.

#20 పున్నమిచంద్ర

సిరంజిలలో గాలా, నీళ్లా?

#21 ఎడిట్‌బల్ల

సొంతంగా చేస్తే నీళ్లు. గాలి నలుగుతుంది. మీరు నొక్కినప్పుడు కదలదు, అర సెకను ఆగి ఒక్కసారిగా ఎగురుతుంది. నీళ్లు నలగవు, వేలు ఎంత కదిలితే మూతి అంత. గొట్టంలో చిన్న బుడగ మిగిలినా మళ్లీ అదే కుదుపు. అందుకే గొట్టం నీళ్లలో ముంచి నింపండి.

కొలత కూడా చూసుకోండి. చేతిలో 60 ఎంఎల్, లోపల 10 ఎంఎల్ పెడితే కొంచెం నొక్కితేనే లోపలిది చాలా దూరం పోతుంది, కానీ బలం తక్కువ. తోలు గట్టిగా ఉంటే మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు రెండు చోట్లా ఒకే కొలత పెట్టుకోవాలి. గాలి సంచులకైతే గాలే మేలు. నీళ్లు పోస్తే బరువుకి కిందికి సాగుతాయి, పగిలితే నటుడికి స్నానం.

#22 డల్లాస్_ధనలక్ష్మి

నేలలో కన్నం గురించి ఎవరూ రాయలేదే. వెల్లకిలా పడి ఉన్న షాటులో తల, చేతులు నాటన్‌వి, మిగతా ఒళ్లు నకిలీది. అతని నిజం ఒళ్లు సెట్టు నేల కిందికి దిగి ఉంది. మెడ దగ్గర అతుకుని వెంట్రుకలు కప్పేస్తాయి. వెలుతురులో అతుకు దాచాలంటే వెంట్రుకలకి మించింది లేదు. నున్నటి చర్మం మీదైతే ఆ షాటు దొరికిపోయేది.

మధ్యలో మిక్కీ మౌస్ బొమ్మ మీదికి కట్ పెట్టాడు చూశారా? అందరూ దాన్ని జోకు అంటారు. జోకే, కానీ ఒక దశ నుంచి ఇంకో దశకి దూకడానికి వంతెన కూడా.

#23 చీకటి_సరదా

@డల్లాస్_ధనలక్ష్మి ఇది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. వెనక శామ్ కుక్ గొంతులో ‘బ్లూ మూన్’ తీరిగ్గా సాగుతుంటుంది, ఎముకలు విరుగుతుంటాయి. భయపెట్టే సంగీతం వేసి ఉంటే మనం "ఓహో, భయపడాలి" అనుకుని తయారయ్యేవాళ్లం. సినిమాలో ‘బ్లూ మూన్’ మూడు గొంతుల్లో వస్తుంది. మొదట్లో బాబీ వింటన్, మధ్యలో ఇది, చివర్లో మార్సెల్స్. సందులో హీరో శవం, హీరోయిన్ జెన్నీ అగట్టర్ ఏడుపు, ఠక్కున కట్, మార్సెల్స్ హుషారు పాట. థియేటర్లో లైట్లు వేసేసినట్టుంటుంది. ఆ ముగింపు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

#24 రీలుపెట్టె

నాకైతే అదే బాగుంటుంది. ఇంకో పది నిమిషాలు సమాధి, పువ్వులు, వాన చూపించాలా? 97 నిమిషాల సినిమా, చెప్పింది చెప్పి లేచిపోయాడు. పేర్లయ్యాక చార్లెస్, డయానాలకి పెళ్లి శుభాకాంక్షలు కూడా చెప్పాడు.

#25 సందేహాలరావు

పూర్తి తోడేలు నడిచేది ఎలా? నాలుగు కాళ్లది కదా, లోపల మనిషి మోకాళ్ల మీద ఉన్నట్టు అనిపించదు.

#26 లాటెక్స్_లింగం

బేకర్ రెండు కాళ్ల మీద నిలబడే తోడేలు కావాలన్నాడు, ల్యాండిస్ నాలుగు కాళ్లే అన్నాడు. మనిషిని పడుకోబెట్టి, వెనక భాగం బల్ల మీద ఆనించి, తోపుడు బండిలా తోశారు. పిల్లలు కాళ్లు పట్టుకుని చేతుల మీద నడిపించే ఆట ఉంది చూడండి, అదే. ముందు కాళ్లు అతని చేతులు, వెనక కాళ్లు నకిలీవి. దీనికున్న తంటా ఏంటంటే నడుము కింది భాగం ఫ్రేములోకి వస్తే దొరికిపోతుంది. అందుకే తోడేలుని ఎప్పుడూ ముందు నుంచో, ముక్కలుగానో చూపిస్తాడు. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషన్లో ఎస్కలేటర్ పై నుంచి చూసే షాటు ఒక్కటే తీసుకోండి. కింద దూరంగా, చిన్నగా, కాసేపే. ఆ కొలత తప్పలేదు కాబట్టే భయం. మొహానికి నమూనా బేకర్ పెంచుకున్న కుక్కట.

#27 గుంటూరుఘాటు

పికడిల్లీ సర్కస్ గొడవలో మాత్రం తోడేలు కొంచెం ఎక్కువ కనపడింది, రబ్బరని తెలిసిపోతుంది. నిజం చెప్పుకోవాలి.

#28 ఎడిట్‌బల్ల

అక్కడ మన చూపు తోడేలు మీద నిలవనిస్తేగా. బస్సు, కార్లు, అద్దాలు, మనుషులు. రాత్రి పూట కాసేపు మాత్రమే రోడ్డు ఆపనిచ్చారు, అందుకే అంతా చిన్న చిన్న ముక్కలు. కారు గుద్దితే అద్దంలోంచి ఎగిరిపడేది ల్యాండిసే.

#29 బెజవాడ_బాబ్జీ

అసలు సంగతికొస్తా. ఈ సినిమా చూసే మైకేల్ జాక్సన్ ల్యాండిస్‌ని పిలిచి ‘థ్రిల్లర్’ తీయించుకున్నాడు, మేకప్ బేకర్. ‘థ్రిల్లర్’ చూసి మనవాళ్లు 1985లో ‘దొంగ’ లో ‘గోలీమార్’ తీశారు. అంటే చిరంజీవి సమాధుల మధ్య వేసిన స్టెప్పులకి ముత్తాత ఈ తోడేలే.

#30 డల్లాస్_ధనలక్ష్మి

హిందీలో 1992 ‘జునూన్’ కూడా ఈ కథే, తోడేలు బదులు పులి. మన అడవికి పులే నప్పుతుంది, ఆ మార్పు మాత్రం మంచి ఆలోచన. ‘భేడియా’ తెలుగులో ‘తోడేలు’ పేరుతో వచ్చినప్పుడు మార్పు సీను మీద బాగా మాట్లాడారు గానీ అది కంప్యూటర్ పని, ఈ చర్చకి రాదు.

#31 రీలుపెట్టె

1997లో ప్యారిస్ పేరుతో వచ్చిన రెండో భాగం గురించి ఎవరైనా ఎత్తారో, ఈ థ్రెడ్ మూసేయమని మోడరేటర్‌కి రాస్తా.

#32 సందేహాలరావు

అందులో గ్రాఫిక్స్ తోడేలు కదా?

#33 రీలుపెట్టె

రాస్తున్నా.

#34 పున్నమిచంద్ర

ఆఖరి ప్రశ్న. వెంట్రుకలు ఏవి వాడాలి? విగ్గు షాపులో దొరికే నైలాన్ సరిపోతుందా?

#35 లాటెక్స్_లింగం

నైలాన్ లైటు పడితే మెరుస్తుంది, వెలుతురు సీనుకి పనికిరాదు. పైగా అన్నీ ఒకే మందం. యాక్ వెంట్రుకలు గరుగ్గా ఉంటాయి, వాటికి కొంచెం మనిషి జుట్టు కలిపితే మంచిది. గుచ్చడానికి సన్నసూది కన్నం పైభాగం కోసేస్తే రెండు పళ్ల ఫోర్కు అవుతుంది. దానితో ఒక్కోటి వాలుగా గుచ్చాలి, నిటారుగా గుచ్చితే బ్రష్షులా ఉంటుంది. రివర్స్ షాటు ముక్కకి మాత్రం వెనక అతికించకండి, లాగితే జారాలి కదా. సిలికాన్ ముక్క మందం రెండు మిల్లీమీటర్లు మించితే పట్టేస్తుంది.

#36 ఎడిట్‌బల్ల

లాగే ముందు ఒక్కసారి దువ్వండి. చిక్కు ఉంటే గుత్తి మొత్తం ఒకేసారి ఊడి లోపలికి పోతుంది, మళ్లీ గుచ్చడానికి ఒక రోజు.

#37 బెజవాడ_బాబ్జీ

దువ్వి, నూనె రాసి, రెండు జడలు వేస్తే స్కూలుకి కూడా పంపొచ్చు.